పనే పూజ అంటారు, పన్నెండు మెషీన్ల మధ్య నాకది కుదరడం లేదు

డయాలసిస్_తమ్ముడు, హనుమకొండ

అందరికీ నమస్తే. ఇది ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఎనిమిదేళ్లయింది. పన్నెండు మెషీన్లు, మూడు షిఫ్టులు. ఒక్కొక్కరికి నాలుగు గంటలు పడుతుంది, వారానికి రెండుసార్లో మూడుసార్లో రావాలి, కాబట్టి అవే ముఖాలు, అవే చేతులు. పరకాల దిక్కు నుంచి, ములుగు దిక్కు నుంచి తొలి బస్సు పట్టుకొని వచ్చేవాళ్లు ఉంటారు. తూచడం, బీపీ చూడటం, ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి చేతిలో కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి రెండు సూదులు గుచ్చడం, మెషీన్ ఎక్కించడం, మధ్యమధ్యలో బీపీ చూసుకోవడం, దించడం, మళ్లీ తూచడం, మెషీన్ కడగడం. ఇదే రోజూ.

మా అమ్మ ఆదివారం గుడిలో గీత క్లాసుకి పోతుంది. మొన్న నన్నూ లాక్కెళ్లింది. అక్కడ చెప్పే పెద్దాయన "ధ్యానానికి టైం లేదని బాధపడొద్దు, చేసే పనినే సేవ అనుకొని మనసు పెట్టి చెయ్యండి, అదే సాధన" అన్నారు. నాకది మంచిగ అనిపించింది, ఎందుకంటే నాకు నిజంగానే టైం లేదు. ఇంటికొచ్చి కళ్లు మూసుకుంటే వచ్చేది ధ్యానం కాదు, నిద్ర.

మొదటి రెండు రోజులు మస్తుగ నడిచింది. సూది గుచ్చే ముందు ఒక క్షణం ఆగడం, ముఖం చూసి పలకరించడం, ఇట్లా. మూడో రోజు చూస్తే చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతున్నాయి, మనసు బండి ఈఎంఐ దగ్గర ఉంది. ఐదో మెషీన్‌కి వచ్చేసరికి ఎవరిని ఎక్కించానో కూడా గుర్తు లేదు, నిజంగా చెప్తున్నా.

ఆ వారంలోనే ఒక తప్పు జరిగింది, ఈ పోస్టు అందుకే. మా దగ్గరికి ఒక పెద్దాయన వస్తారు, నేను బాపూ అంటాను. డయాలసిస్ తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: పేషెంటు వచ్చినప్పటి బరువులోంచి డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) తీసేస్తే ఎంత నీరు లాగాలో తెలుస్తుంది, అది మెషీన్‌లో పెడతాం. ఆ రోజు బాపు కాంటా ఎక్కారు, నేను అప్పుడే వచ్చిన ఒక ఫైనాన్స్ మెసేజ్ చూస్తూ, ఆయనకి ఎప్పుడూ వచ్చే బరువే రాసేశాను, 58.6. అసలు ఆయన మూడు రోజులుగా జ్వరంతో సరిగ్గా తినక తగ్గిపోయి ఉన్నారు, 57.4 అని తర్వాత లెక్కేస్తే తేలింది. అంటే కిలోకి పైన నీరు ఎక్కువ లాగమని మెషీన్‌కి నేనే చెప్పాను. మూడో గంటలో పిక్కలు పట్టేశాయి, బీపీ పడిపోయింది. నీరు లాగడం ఆపి, కాళ్లు ఎత్తిపెట్టి, సెలైన్ ఇస్తే తేరుకున్నారు. డాక్టర్ గారికి క్రాంప్స్ వచ్చాయని చెప్పాను. ఎందుకు వచ్చాయో చెప్పలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు నా డౌట్లు. పని మీద మనసు పెట్టడం అంటే సాధనా, లేక పనిని సక్రమంగా చేయడమేనా? సక్రమంగా చేయడమే అయితే దానికి దేవుణ్ణి మధ్యలోకి తేవడం ఎందుకు? రెండోది, ఫలం ఆశించొద్దు అంటారు కదా, మాకు రెండేళ్లుగా జీతం పెరగలేదు, అడుగుదామంటే ఇప్పుడు ఇదొకటి అడ్డమొస్తోంది, సేవ అనుకున్నాక డబ్బులు అడగొచ్చా అని. మూడోది అన్నిటికంటే పెద్దది. మా పేషెంట్లకి ఆ కిడ్నీలు బాగవ్వవు. ట్రాన్స్‌ప్లాంట్ అయ్యేవాళ్లు చాలా కొద్దిమంది. ఇవాళ శుభ్రం చేసి పంపిస్తే ఎల్లుండి మళ్లీ అదే నీరుతో వస్తారు. ఫలమే లేని పనిలో ఫలం వదిలేయడం అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు.

చెరువుకట్ట

తమ్ముడూ, నేను రిటైరైన తెలుగు మాస్టార్ని, కాబట్టి కాస్త పాఠంలా ఉంటే క్షమించు.

మొదటి డౌటు మంచి డౌటు. గీత రెండో అధ్యాయం 50వ శ్లోకంలో "యోగః కర్మసు కౌశలమ్" అని ఉంది. ఆఫీసు గోడల మీద దీన్ని రాసి, "పనిని నైపుణ్యంతో చేయడమే యోగం" అని కింద తెలుగు పెడతారు. అంతే అయితే చెయ్యి తిరిగిన జేబుదొంగ కూడా యోగే. శంకరులు ఆ శ్లోకానికి చెప్పిన అర్థం వేరు: స్వధర్మంగా వచ్చిన పని చేస్తూ, అది నెరవేరినా నెరవేరకపోయినా సమంగా ఉండే బుద్ధి, ఈశ్వరుడికి అప్పగించిన మనసు, కౌశలం అంటే అది. దానికి రెండు శ్లోకాల ముందే "సమత్వం యోగ ఉచ్యతే" అని ఉంది. కాబట్టి నువ్వు సూది ఎంత చక్కగా గుచ్చావన్నది ఉద్యోగం, గుచ్చినప్పుడు నీ లోపల ఏం జరుగుతోందన్నది సాధన. రెండూ ఒకే సూది మీద జరుగుతాయి, అందుకే కలగాపులగం అవుతుంది.

జీతం సంగతికి భారతం ఆరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ గుర్తు చేసుకో. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు కింద వేదం చదువుకుంటుంటే కొంగ రెట్ట వేసింది, కోపంగా చూశాడు, అది చచ్చి పడింది. తర్వాత ఒక ఇంట్లో భిక్ష అడిగితే ఆ ఇల్లాలు భర్తకి వడ్డిస్తూ ఆలస్యం చేసింది. ఈయన ఉరిమి చూడబోతే "నేను కొంగను కాదు స్వామీ" అంది. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకి పోయి ఒక వ్యాధుణ్ణి, అంటే బోయవాణ్ణి, అడగమని పంపింది. ఈయన పోయి చూస్తే ఆయన మాంసం కొట్లో కూర్చొని ఉన్నాడు, చుట్టూ కొనేవాళ్ల గుంపు. అందరూ ఆ తర్వాత ఆయన చెప్పిన ధర్మాలే చెప్పుకుంటారు కానీ, నాకు ఆ కొట్టు ముఖ్యం. ఆయన మాంసం ఊరికే పంచలేదు, అమ్మాడు. ధర పుచ్చుకున్నాడు. ఆ సొమ్ముతోనే ఇంట్లో ముసలి తల్లిదండ్రులను సాకాడు, వాళ్లే నా దేవుళ్లని కౌశికుడికి చూపించాడు. ధర తీసుకుంటే ధర్మం పోతుందని ఆయన ఎక్కడా అనలేదు.

మూడో డౌటుకి నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నువ్వే మాకు చెప్పాలి.

ఎర్రమిర్చి

సార్ రాసింది బాగుంది కానీ నేను కొంచెం ఘాటుగా మాట్లాడతా, పేరు చూశారు కదా.

తమ్ముడూ, "సేవ" అన్న మాట ఎవరి నోట్లోంచి వస్తోందో ముందు చూడు. నీ నోట్లోంచి వస్తే అది సాధన. నీకు జీతం ఇచ్చేవాళ్ల నోట్లోంచి వస్తే దానర్థం ఓవర్‌టైం ఇవ్వం అని. పాత ఉద్యోగంలో నాకిది బాగా అనుభవం, "మనదంతా ఒక ఫ్యామిలీ అమ్మా" అని ఆదివారాలు కూడా పిలిపించుకునేవాళ్లు, పండగకి స్వీట్ డబ్బా ఇచ్చేవాళ్లు.

మా నాన్న ఎనుమాముల మార్కెట్లో హమాలీ, ఇరవై ఆరేళ్లు మోశాడు. మిర్చి సీజన్ ఎట్లుంటుందో చూసినవాళ్లకే తెలుస్తది. ఫిబ్రవరి వచ్చిందంటే యార్డంతా ఎర్రగా, గేటు దాటకముందే తుమ్ములు. నలభై కిలోలు దాటిన బస్తా మెడ మీద, చెమటకి మిర్చి ఘాటు కలిస్తే చర్మం మీద నిప్పు పెట్టినట్టే, ఇంటికొచ్చినంక అమ్మ కొబ్బరినూనె రాసేది, మేము ఆ తువ్వాల ముట్టుకుంటే దెబ్బలు పడేవి, కళ్లకి అంటుతదని. మన చపాటా మిర్చికి 2025లో జీఐ ట్యాగ్ (ఈ సరుకు ఈ ప్రాంతానిదే అనే గుర్తింపు) వచ్చింది, సంతోషం. దాన్ని మోసిన మెడలకి ఏ ట్యాగూ లేదు.

సరే, విషయానికొస్తా. నాన్న బస్తాని ఎప్పుడూ విసిరేసేవాడు కాదు. అందరూ భుజం మీద నుంచి దబ్బున పడేస్తారు, తేలిక కదా. నాన్న మోకాలు వంచి దించేవాడు. నేను చిన్నప్పుడు అడిగితే చెప్పాడు, దబ్బున వేస్తే మిర్చి విరుగుతది, గింజ రాలుతది, కుట్టు పిగిలితే కాయ కింద పోతది, ఆ రైతు ఆరు నెలలు చూసుకున్న కాయ బిడ్డా అని. ఆ రైతెవరో నాన్నకి తెలియదు, ఆ రైతుకి నాన్న తెలియడు, తూకం వేసే దడవాయి చూడడు, కమీషన్ తీసుకునే అడ్తిదారు చూడడు. ఆ మోకాలు వంచినందుకు ఒక్క పైసా ఎక్కువ రాలేదు, పైగా ఇప్పుడు అదే మోకాలు అరిగింది. నీ గీత క్లాసు పెద్దాయన చెప్పేది అదే అయితే అది నేను మా ఇంట్లోనే చూశాను.

అదే మా నాన్న, కూలి రేట్లు పెంచమని హమాలీలంతా పని బంద్ పెట్టినప్పుడు మొదటి వరసలో కూర్చున్నాడు. మళ్లీ పని మొదలైన రోజు పోయి బస్తాని అట్లనే మోకాలు వంచి దించాడు. ఆయనకి ఈ రెండిటి మధ్య పేచీ ఎప్పుడూ కనబడలేదు. నీకెందుకు కనబడుతోంది? రాసివ్వు. కాగితం మీద ఇవ్వు. నోటితో అడిగితే గాలికి పోతది.

మగ్గంగుంట, కొత్తవాడ

అక్కా, మా జంపఖానాలకి 2018లోనే వచ్చింది ఆ జీఐ ట్యాగ్. ఫ్రేం కట్టించి పెట్టుకునేంత గోడ కూడా లేదు మాకు. సరే అది వదిలెయ్.

తమ్ముడూ, నాకు శ్లోకాలు రావు, మగ్గం వచ్చు. నువ్వు రాసినదాంట్లో నాకు ఒక్కటి దొరికింది, చేతులు పని చేసుకుంటూ పోతున్నాయి, మనసు ఇంకో దగ్గర ఉంది అన్నావు చూడు, అది తప్పేం కాదు, చెయ్యి తిరగడం అంటేనే అది. నేను మగ్గం గుంటలో కూర్చున్నంక కాళ్లు తొక్కుతనే ఉంటాయి, పేక (అడ్డం నూలు) పోతనే ఉంటది, నేను పిల్ల పెళ్లి గురించి ఆలోచిస్తూ ఉంటా. రోజంతా మనసు నూలు మీదనే పెట్టి కూర్చుంటే పిచ్చెక్కుతది. రెండు రోజులు నువ్వు చేసింది అదే, అన్నిటి మీదా మనసు పెడదామని చూశావు, మూడో రోజుకి అది అలసిపోయింది. మనసు కూడా కూలీయే, దానికి కూడా విరామం కావాలె.

కానీ కొన్ని చోట్లు ఉంటాయి. రంగు మారే దగ్గర. డిజైన్‌లో మూల తిరిగే దగ్గర. అక్కడ పడుగు (నిలువు) పోగులు లెక్కపెట్టాలి, అక్కడ మనసు లేకపోతే తప్పు అప్పుడే కనబడదు, నాలుగైదు వరుసలు దాటినంక కనబడతది, ఇక అంతా విప్పుడే. కూలి నేసినదానికి ఇస్తరు, విప్పినదానికి ఎవరియ్యరు. మా తాత ఏం చేసేవాడంటే రంగు మార్చే ముందు చేతులు రెండూ నూలు మీద ఆనించి, ఒకసారి గాలి పీల్చుకొని, అప్పుడు లెక్క మొదలుపెట్టేవాడు. మేము దండం పెట్టుకుంటున్నాడనుకునేది. అడిగితే "దండమో గిండమో, లెక్క తప్పకుండ ఉండాలె" అన్నాడు. ఇప్పుడు నేనూ అట్లనే చేస్తా. అలవాటు.

నీ పనిలో రంగు మారే చోటు ఏదో చూసుకో. రెండో మూడో ఉంటాయి, ఇరవై ఉండవు. కాంటా ఒకటి, అది నీకిప్పుడు తెలిసింది. మిగతా టైం మనసు ఈఎంఐ దగ్గరికి పోతే పోనీ, అది కూడా కట్టాలె కదా.

నైట్‌డ్యూటీ_అక్క

నేను స్టాఫ్ నర్సుని, ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసు, అందులో సగం ఐసీయూ. అందరూ సాధన గురించి రాశారు, ఎవరూ రిజిస్టర్ గురించి రాయలేదు. తమ్ముడూ, ఆ బరువు సంగతి డాక్టర్ గారికి చెప్పావా? చెప్పకపోతే ముందు అది చెప్పు. పూజ తర్వాత. నువ్వు చెప్పకపోతే డాక్టర్ ఏమనుకుంటారు, ఈయనకి ఇంత నీరు లాగితే తట్టుకోవడం లేదు అనుకొని డ్రై వెయిట్ మార్చేస్తారు, అప్పుడు తప్పు బరువు మీద ఇంకో తప్పు బరువు కూర్చుంటుంది. తర్వాత నీరు ఒంట్లో మిగిలిపోయి ఆయాసంతో వస్తే దానికి కారణం ఎవరూ కనిపెట్టలేరు.

భయం ఉంటుంది, నాకు తెలుసు. నా ఐదో ఏడాదిలో ఒక మందు రాత్రి పది గంటల డోసు ఇచ్చాననుకొని టిక్ పెట్టాను, ఇవ్వలేదు. పొద్దున ట్రేలో కనబడింది. ఒక గంటసేపు ఎవరికీ చెప్పకుండా దాన్ని జేబులో పెట్టుకొని తిరిగాను. ఆ గంట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చెప్పినంక తిట్టారు, మెమో ఇచ్చారు, ఆ పేషెంటుకి ఏమీ కాలేదు. మెమో ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు కానీ ఆ జేబు బరువు మర్చిపోలేదు.

ఇంకొకటి, ఇది నా గొడవ. సేవ సేవ అనుకుంటూ నేను ఒక దశలో ఎట్లా తయారయ్యానంటే లీవు పెట్టకపోవడం, అందరి డ్యూటీలూ నేనే చేయడం, "అక్క లేకపోతే వార్డు నడవదు" అంటే లోపల చల్లగా ఉండటం. దేవుడికి అర్పిస్తున్నా అనుకున్నాను, అర్పించేది ఏమీ లేదు, అంతా నేనే తినేస్తున్నాను. మా ఆయన ఒకరోజు "నువ్వు లేకపోతే ఇల్లు కూడా నడవట్లేదు, ఆ సంగతి ఎవరైనా చెప్పారా" అన్నాడు. తర్వాత జాండిస్ వచ్చి నెలరోజులు పడుకుంటే వార్డు చక్కగా నడిచింది. అది చూసి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

నీ మూడో ప్రశ్న, బాగవ్వని పేషెంట్ల సంగతి. ఐసీయూలో మాకూ ఉంటుంది. నేను చూసుకునేది ఒకటే, ఈ నాలుగు గంటలు. ఎల్లుండి మళ్లీ వస్తారు అన్నావు, మళ్లీ రావాలనే కదా నువ్వు చేస్తున్నది. రాకపోతేనే కదా బాధ. మనం ఇంట్లో అన్నం వండుతాం, సాయంత్రానికి మళ్లీ ఆకలేస్తుంది, పొద్దున వండింది దండగ అంటామా?

చెరువుకట్ట

నర్సు గారు రాసింది చదివి చాలాసేపు ఊరుకున్నాను. అన్నం మాట నాకు తట్టలేదు.

రిజిస్టర్ గురించి ఒక మాట కలుపుతా. గీత పద్దెనిమిదో అధ్యాయంలో, నిప్పుని పొగ కమ్మినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కమ్మే ఉంటుంది, దోషం ఉందని సహజంగా వచ్చిన పని వదలొద్దు అని ఉంది. దీన్ని తప్పులకి సాకుగా వాడేవాళ్లున్నారు. పొగ ఉందని పొయ్యి ఆర్పొద్దు అన్నాడు కానీ, పొగ లేదని అబద్ధం చెప్పమనలేదు.

ఎర్రమిర్చి గారి నాన్న కథకి మాత్రం నా దగ్గర ఒక జోడీ ఉంది. మన పాలకుర్తి వాడని మనం చెప్పుకునే పాల్కురికి సోమనాథుడు బసవపురాణం రాశాడు కదా, ఆ బసవన్న చుట్టూ చేరిన శివశరణుల్లో, అంటే శివభక్తుల్లో, చాలామంది చేతిపని చేసుకు బతికినవాళ్లే, చాకలి, చెప్పులు కుట్టేవాడు, పడవ నడిపేవాడు. పనిని వాళ్లు కాయకం అన్నారు, కాయకమే కైలాసం అన్నారు. వాళ్లలో మారయ్య అనే ఆయన కాయకం, బసవన్న ఉన్న కళ్యాణ పట్నంలో నేల మీద రాలిన బియ్యపు గింజలు ఏరుకోవడం. ఒకరోజు మామూలు కంటే ఎక్కువ ఏరుకొచ్చాడు. భార్య లక్కమ్మ చూసి, ఈ ఎక్కువ ఎందుకు, ఆశ పుట్టిందా, తీసుకుపోయి అక్కడే పోసి రా అంది. రాలిన బియ్యమే, ఎవరిదీ కాదు, అయినా తమ వంతు దాటిందని వెనక్కి పంపింది. తన పనికి ఎంత చాలో అంతే పుచ్చుకోవడం కూడా కాయకంలో భాగం.

ఎర్రమిర్చి

కథ బాగుంది సార్, ఒక చిన్న రిక్వెస్టు. ఈ కథ జీతం తీసుకునేవాళ్లకి కాకుండా ఇచ్చేవాళ్లకి చెప్పండి. రెండేళ్ల ఇంక్రిమెంట్ తమ దగ్గర అట్టిపెట్టుకున్నవాళ్ల ఇంట్లో కూడా ఒక లక్కమ్మ ఉంటే బాగుండేది.

చెరువుకట్ట

ఒప్పుకున్నాను. నలభై ఏళ్లు ఈ కథ పిల్లలకి చెప్పాను, ఒక్కసారి కూడా అటువైపు నుంచి చూడలేదు.

డయాలసిస్_తమ్ముడు, హనుమకొండ

అందరికీ లేటుగా జవాబిస్తున్నా, పదిహేను రోజులైంది, మధ్యలో ఒకరు లీవు పెడితే డబుల్ డ్యూటీలు పడ్డాయి.

అక్కా, మీరు రాసిన మర్నాడే డాక్టర్ గారికి చెప్పాను. తిట్టారు, గట్టిగానే. మీరు అన్నట్టే ఆయన అప్పటికే డ్రై వెయిట్ పెంచుదామని చూస్తున్నారు, ఆపేశారు. ఇప్పుడు మా దగ్గర బరువు ఒకరు చదివితే ఇంకొకరు రాయాలని రూల్ పెట్టారు. నా వల్ల అందరికీ పని పెరిగిందని మావాళ్లు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, ఇప్పుడు మామూలైంది.

మగ్గం అన్నా, రంగు మారే చోట్లు వెతికాను. నాకు రెండు దొరికాయి. ఒకటి కాంటా, ఫోను లాకర్లో పెట్టేస్తున్నా. రెండోది ఫిస్టులా. సూది గుచ్చే ముందు ఎట్లాగూ ఆ నరం మీద వేలు పెట్టి చూడాలి, లోపల రక్తం జుమ్ముమని కదులుతుంటుంది, దాన్ని మేము థ్రిల్ అంటాం, అది తెలిస్తేనే దారి బాగున్నట్టు. ఇన్నాళ్లూ వేలు అట్లా తగిలించి తీసేసేవాణ్ణి. ఇప్పుడు అది పూర్తిగా తెలిసేదాకా ఉంచుతున్నా, మూడు శ్వాసలంత. ఒక్కొక్కరిది ఒక్కో రకం. ఒకామెది పిల్లి గురక పెట్టినట్టుంటది. ఒకబ్బాయిది గట్టిగా, బోరు మోటరు పైపు మీద చెయ్యి పెట్టినట్టు. మొన్న ఒకరిది ఎప్పటికంటే పలుచగా తగిలింది, డాక్టర్ గారికి చూపిస్తే స్కానింగ్‌కి రాశారు, లోపల సన్నబడుతోందట, టైంకి దొరికింది. దీన్ని సాధన అనాలో ఉద్యోగం అనాలో సార్ చెప్పాలి, నాకు మాత్రం ఆ మూడు శ్వాసలప్పుడు ఈఎంఐ గుర్తు రావట్లేదు. మిగతా టైమంతా వస్తోంది, అబద్ధమెందుకు.

బాపు సంగతి. ఆయనకి చెప్పాలా వద్దా అని నాలుగు షిఫ్టులు తన్నుకున్నాను. చివరికి మెషీన్ ఎక్కించినంక పక్కన స్టూల్ వేసుకొని కూర్చొని చెప్పాను, బాపూ, ఆ రోజు మీకు పిక్కలు పట్టింది నా వల్ల, బరువు తప్పు రాశాను అని. ఆయన టీవీ వైపే చూస్తూ, "ఎరుకే బిడ్డా. కాంటా మీద నేను నిలబడ్డప్పుడు నువ్వు నన్ను సూడలే. 57 పడ్డది, నేను సూసిన. నువ్వు 58 రాసినవ్" అన్నారు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అంటే, "నీకు తెల్వనిది నాకేం తెలుసు అనుకున్న" అన్నారు.

అది విన్నప్పటి నుంచి ఒకటే తిరుగుతోంది బుర్రలో. ఎనిమిదేళ్ల నుంచి ఆ మనిషి తన బరువు తాను చూసుకుంటున్నారు, నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు కాంటా ఎక్కినవాళ్లందరినీ "ఎంత పడింది మీరే చెప్పండి" అని అడుగుతున్నా. కొందరు భలే గర్వంగా చెప్తారు. ఒకామె అర లీటరు తక్కువ నీళ్లతో వచ్చినందుకు పక్క బెడ్డు వాళ్లకి కూడా చెప్పుకుంది. మేము రోజూ ఒక్కొక్కరి కోసం మెషీన్‌లో నూట ఇరవై లీటర్ల శుద్ధి చేసిన నీరు పోయిస్తాం, వాళ్లు ఇంటి దగ్గర దాహం వేస్తే నాలుక తడుపుకొని ఊరుకుంటారు. సాధన ఎవరిది అంటే నాకు ఇప్పుడు వేరే డౌటు వస్తోంది.

ఎర్రమిర్చి అక్కా, లెటర్ ఇచ్చాను. నలుగురం కలిసి సంతకాలు పెట్టాం. హెచ్ఆర్ ఆయన నవ్వుతూ తీసుకొని డ్రాయర్లో పెట్టారు, చూద్దాం అన్నారు.

ఎర్రమిర్చి

ఇంకో కాపీ మీద రిసీవ్డ్ అని సంతకం, తారీఖు, స్టాంపు వేయించుకున్నావా?

డయాలసిస్_తమ్ముడు, హనుమకొండ

లేదక్కా.

ఎర్రమిర్చి

నవ్వుతూ డ్రాయర్లో పెట్టాడంటే అది డ్రాయర్లోనే ఉంటది. రేపు రెండో కాపీ తీసుకొని పో.

డయాలసిస్_తమ్ముడు, హనుమకొండ

రేపు ఫస్ట్ షిఫ్టు నాదే అక్కా, బాపు వాళ్ల బ్యాచ్. పదకొండున్నరకి దించేస్తాను, తర్వాత పోతా.